సెల్ఫ్ తిరుగుతుంది... బండి అంటుకోదు!

పోయినవారం మిక్సీ కార్బన్ ముక్కల గురించి చెప్పుకున్నాం. ఈ వారం వంటగది దాటి వాకిట్లోకి వద్దాం. వాకిట్లో ఏముందంటారా? మా వీధిలోనే లెక్కపెడితే నాలుగిళ్ల ముందు కవరు కప్పుకుని పాత చిన్నకార్లు నిలబడి ఉన్నాయి. వాటిలో మూడు మారుతి 800లే!

"వంటలూ, కుట్లూ, అల్లికలూ ఉండే పేజీల్లో కారు గొడవేమిటండీ?" అనకండి. తెనాలి దగ్గరి ఊరి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం చదివాక, ఈ వారం ఇంకేదీ రాయబుద్ధి కాలేదు నాకు. ఆవిడ పేరు వద్దు. సంగతి మాత్రం చెబుతాను.

ఆవిడ భర్త పోయి రెండేళ్లయింది. ఆయన 1996లో కొన్న మారుతి 800 ఉంది. ఆయన ఉండగానే ఆవిడకు డ్రైవింగ్ నేర్పించి, లైసెన్సు కూడా తీయించారు. అత్తగారికి కిడ్నీ జబ్బు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి టౌనుకి తీసుకెళ్లాలి. తెల్లవారుజామున ఆరింటికల్లా అక్కడుండాలి. ఆ వేళకి ఆటోలు దొరకవు, దొరికినా అడిగినంత ఇవ్వాలి. అందుకని ఆ కారే ఆవిడకు ఆధారం.

వానలు మొదలయ్యాక ఒకరోజు కారు స్టార్టు కాలేదు. కీ తిప్పితే సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతోందట. ఇంజను మాత్రం అంటుకోవడం లేదు. మెకానిక్‌ను పిలిపిస్తే, బానెట్ ఎత్తి ఐదు నిమిషాలు చూసి, "ఇంజను అయిపోయిందమ్మా, బోరు చేయించాలి. పాత బండికి అంత ఖర్చెందుకు? తూకానికి ఇచ్చేయండి, నేనే తీసుకుంటాను" అన్నాడట.

"అమ్మేయమంటారా అక్కయ్యా? ఆయన జ్ఞాపకమని ఏడవడం కాదు. రేపు మంగళవారం అత్తయ్యని ఎలా తీసుకెళ్లాలో తెలియక అడుగుతున్నాను" అని రాశారావిడ.

అమ్మొద్దు! కనీసం ఇప్పుడే అమ్మొద్దు. ఎందుకో చెబుతాను వినండి. ఇది ఆవిడ ఒక్కరికే కాదు, వాకిట్లో పాత కారున్న మీ అందరికీ పనికొస్తుంది.

మూడు ఉంటేనే మంట

గ్యాస్ స్టవ్ వెలగాలంటే ఏం కావాలి? గ్యాస్ రావాలి, గాలి ఉండాలి, లైటర్ నొక్కితే నిప్పురవ్వ పడాలి. కారు ఇంజనుకూ అంతే. పెట్రోలు, గాలి లోపలికి వెళ్లాలి, పిస్టన్ వాటిని గట్టిగా నొక్కాలి, సరిగ్గా అదే క్షణంలో ప్లగ్గు రవ్వ కొట్టాలి. లైటర్ పాడైతే స్టవ్ వెలగదు. అంతమాత్రాన "స్టవ్ పాడైపోయింది, పాతసామాన్లవాడికి వేసేయండి" అంటే ఒప్పుకుంటామా? ముందు అగ్గిపుల్ల గీసి చూస్తాం.

బోరు అరిగిపోతే నొక్కుడు తగ్గుతుంది. నిజమే, అప్పుడూ స్టార్టు కావడానికి బండి మొరాయిస్తుంది. కానీ బోరు అరగడం రాత్రికి రాత్రి జరిగే పని కాదు. చాలా నెలల ముందునుంచే పొగగొట్టంలోంచి నీలం పొగ వస్తుంది, ఇంజనాయిలు తరచూ తగ్గిపోతుంది, బండి ఎత్తు ఎక్కలేక ఆయాసపడుతుంది. నిన్నటిదాకా శుభ్రంగా నడిచిన బండి ఈ ఉదయం అంటుకోలేదంటే, ముందు అనుమానించాల్సింది రవ్వనీ పెట్రోలునీ! ఆ రెండూ చూడకుండా "బోరు" అన్నవాడి మాటకు తలూపకండి. నొక్కుడు కొలవడానికి ఒక గేజి ఉంటుంది. అది పెట్టి కొలిచి, అంకె చూపించమనండి.

రవ్వ నడిచే దారి

ఈ ఒక్క దారి మీకు అర్థమైతే చాలు. సగం మెకానిక్ అయిపోయినట్లే!

బ్యాటరీలో ఉండేది 12 వోల్టులు. ఆ 12 వోల్టులతో ప్లగ్గు దగ్గర రవ్వ పుట్టదు. అందుకని కీ స్విచ్చి గుండా ఆ కరెంటు 'కాయిల్' అనే భాగానికి వెళ్తుంది. చిన్న కొబ్బరినూనె డబ్బాలాగానో, డబ్బీలాగానో ఉంటుందది. లోపల రెండు తీగచుట్లు. ఒక చుట్టలో కరెంటు పారుతూ పారుతూ ఠక్కున ఆగిపోతే, రెండో చుట్టలో వేలకొద్దీ వోల్టులు పుడతాయి. అలా ఠక్కున ఆపే పని పాత బళ్లలో 'పాయింట్లు' చేస్తాయి. ఆ తర్వాతి బళ్లలో పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నైటర్ ఉంటుంది. పాయింట్లకు తోడుగా ఒక కండెన్సర్ ఉంటుంది. అది పోతే పాయింట్లు మాడిపోతాయి, రవ్వ బలహీనపడుతుంది.

కాయిల్లో పుట్టిన ఆ పెద్ద కరెంటు లావుపాటి వైరు గుండా 'డిస్ట్రిబ్యూటర్'కి వస్తుంది. పెళ్లి పంక్తిలో వడ్డించే మనిషి లాంటిది ఇది! మూత కింద రోటర్ అనే చిన్న ముక్క గుండ్రంగా తిరుగుతూ, ఒక్కో ప్లగ్గుకి వరసప్రకారం కరెంటు వడ్డిస్తుంది. మారుతి 800కి మూడు సిలిండర్లు కాబట్టి మూడు ప్లగ్గులు. అందుకే మూత మీద నాలుగు లావు వైర్లు కనిపిస్తాయి. మధ్యది కాయిల్ నుంచి వచ్చేది, చుట్టూ ఉన్న మూడూ ప్లగ్గులకు వెళ్లేవి.

బ్యాటరీ, కీ స్విచ్చి, కాయిల్, పాయింట్లు లేక ఇగ్నైటర్, డిస్ట్రిబ్యూటర్ మూత, రోటర్, ప్లగ్ వైర్లు, ప్లగ్గులు. ఇదీ వరస. ఈ దారిలో ఎక్కడ తెగినా రవ్వ ఉండదు. సెల్ఫ్ మోటారుకి వెళ్లే కరెంటు దారి వేరు. అందుకే సెల్ఫ్ తిరిగినంత మాత్రాన రవ్వ వస్తోందని అనుకోకూడదు.

బానెట్ ఎత్తే ముందు

ఇది మాత్రం దాటేసి చదవకండి.

గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగండి. గాజులు, ఉంగరాలు, గడియారం తీసేయండి. బంగారు గాజు బ్యాటరీ తలకూ ఇనుముకూ మధ్య ఆనితే క్షణంలో ఎర్రగా కాలి చెయ్యి మాడుతుంది. మెళ్లో గొలుసు జాకెట్టు లోపలికి వేసుకోండి. కొంగు నడుముకి బిగించి దోపండి, జడ ముడి వేసుకోండి. రేడియేటర్ ఫ్యాను కరెంటుతో తిరుగుతుంది, కీ ఆన్‌లో ఉంటే చెప్పాపెట్టకుండా తిరగొచ్చు. ఇంజను తిరిగేటప్పుడు బెల్టు దగ్గరకు చెయ్యి పోనివ్వకండి.

పెట్రోలు ఘాటుగా వాసన వస్తున్నా, ఎక్కడైనా కారుతున్నా రవ్వ పరీక్ష చేయనే కూడదు. ఆ రవ్వే కొంప ముంచుతుంది. ముందు కారడం ఆపించాలి. లావు వైర్లను సెల్ఫ్ తిరుగుతుండగా చేత్తో పట్టుకోకండి. వేల వోల్టుల దెబ్బ అది. గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు ఈ పని దగ్గరకే రాకూడదు.

ఇంకో మాట. 2000 సంవత్సరం ప్రాంతం నుంచి వచ్చిన మారుతి 800లలో కార్బురేటర్ పోయి, కంప్యూటర్‌తో నడిచే పెట్రోలు ఇంజెక్షన్ వచ్చింది. అలాంటి బండికి ఇంట్లో వైర్లు పీకి పరీక్షలు చేయకండి, కంప్యూటర్ దెబ్బతినొచ్చు. నేను చెప్పేది అంతకు ముందటి కార్బురేటర్ బళ్ల సంగతి.

చెవి, ముక్కు, కన్ను

*మొదట వినండి.* కీ తిప్పి ఐదు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. అంతకన్నా ఎక్కువసేపు కొట్టకండి. మళ్లీ కొట్టే ముందు ఒక నిమిషం ఆగండి, లేకపోతే సెల్ఫ్ మోటారు వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. శబ్దం ఎప్పటిలాగే ఉందా? నీరసంగా మూలుగుతోందంటే బ్యాటరీ దిగిందన్నమాట. అప్పుడు ఉన్న కాస్త కరెంటూ సెల్ఫే లాగేసుకుంటుంది, కాయిల్‌కు మిగలదు. ముందు బ్యాటరీ తలల మీది తెల్లటి బూజు తుడిపించి, చార్జి చేయించండి. అలాకాకుండా ఎప్పటికన్నా తేలిగ్గా, గిర్రున తిరుగుతోందనిపిస్తే జాగ్రత్త! దాని సంగతి కింద చెబుతాను.

*తర్వాత వాసన చూడండి.* నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టాక పొగగొట్టం దగ్గర పచ్చి పెట్రోలు వాసన వస్తోందా? వస్తోందంటే పెట్రోలు లోపలికి వెళ్తోంది, మండకుండానే బయటికి వస్తోంది. అంటే రవ్వ మీద అనుమానం బలపడింది. వాసనే లేకపోతే పెట్రోలు పంపునో, ఫిల్టర్‌నో, అసలు ట్యాంకులో పెట్రోలు ఉందో లేదో చూడాలి. నవ్వకండి! ముల్లు పాడైన పాత కారులో ఇది మామూలే.

*ఇక చూడండి.* కీ ఆన్ చేయగానే డాష్‌బోర్డు మీద బ్యాటరీ, ఆయిలు ఎర్రదీపాలు వెలిగాయా? వెలగకపోతే ఫ్యూజునో, కీ స్విచ్చినో చూపించాలి. వెలిగితే కీ ఆఫ్ చేసి బానెట్ ఎత్తండి. లావు వైర్లు నాలుగూ తమ తమ చోట్ల గట్టిగా కూర్చున్నాయా? కాయిల్ మీది చిన్న వైర్లు వదులయ్యాయా? ఎలుక కొరికిందా? పాత బళ్లలో చాలాసార్లు జబ్బు ఇక్కడే దొరికిపోతుంది.

వానాకాలమైతే డిస్ట్రిబ్యూటర్ మూత ముందు చూడండి. లోపల చెమ్మ చేరితే కరెంటు ప్లగ్గుకి పోకుండా చెమ్మ మీదుగా ఇనుములోకి జారిపోతుంది. మూత తీసే ముందు మీ కుట్టుపెట్టె తెచ్చుకోండి. ఒక్కో వైరుకీ, అది దిగే చోటుకీ ఒకే రంగు దారం కట్టండి. ఒకదానికి ఎరుపు, ఒకదానికి పచ్చ, ఒకదానికి తెలుపు. వైర్లు తారుమారైతే వడ్డన తారుమారై బండి అస్సలు అంటుకోదు. కీ ఆఫ్‌లో ఉండగానే మూత విప్పి, లోపలా బయటా పొడి నూలుగుడ్డతో తుడవండి. ఎండ ఉంటే ఒక పళ్లెంలో పెట్టి వడియాల పక్కన అరగంట ఉంచినా చాలు. పెట్రోలు వాసనున్న చోట హెయిర్ డ్రయ్యర్ మాత్రం పెట్టకండి.

మూత చేతిలో ఉన్నప్పుడే లోపలి వైపు వెలుతురులో తిప్పి చూడండి. పెన్సిలు గీతలా సన్నటి నల్ల చార ఉందా? అది పగులు. మధ్యలో చిన్న నల్లటి కార్బన్ ముక్క ఉండాలి. పోయినవారం మిక్సీలో చూశాం చూడండి, దాని తమ్ముడే ఇది! అరిగినా విరిగినా మూత మార్చాల్సిందే. రోటర్ పగిలిందేమో, దాని కొన మాడిందేమో చూడండి.

మూత తీసి ఉండగానే ఇంకో పని. మీరు దూరంగా నిలబడి, లోపలున్న మనిషిని రెండు సెకన్లు సెల్ఫ్ కొట్టమనండి. రోటర్ తిరిగిందా? తిరగకపోతే టైమింగ్ బెల్టు తెగి ఉండొచ్చు. ఇందాక "గిర్రున తిరిగితే జాగ్రత్త" అన్నది ఇందుకే. ఇక కీ ముట్టుకోకుండా బండిని గ్యారేజీకి లాగించండి.

రవ్వ పరీక్ష

రోటర్ తిరుగుతోంది, తుడిచి మూత బిగించినా బండి అంటుకోలేదు. ఇప్పుడు అసలు పరీక్ష. దీనికి ఇద్దరు కావాలి. కీ దగ్గర ఒకరు, బానెట్ దగ్గర ఒకరు.

మంచి స్థితిలో ఉన్న విడి ప్లగ్గు ఒకటి తీసుకోండి. బండిలో ఉన్నది విప్పొద్దు. ఆ రంధ్రం తెరుచుకుంటే పెట్రోలు ఆవిరి బయటికి చిమ్ముతుంది, రవ్వకు అంటుకోవచ్చు. ఒక మూరెడు వైరు తీసుకుని రెండు చివర్లా పైతొడుగు ఒలిచి, ఒక చివర విడి ప్లగ్గు మరల చుట్టూ గట్టిగా చుట్టండి. రెండో చివర ఇంజను మీద రంగు లేని శుభ్రమైన బోల్టుకి బిగించండి. కార్బురేటర్‌కి దూరంగా ఉండే బోల్టు చూసుకోండి. ఇప్పుడు కీ ఆఫ్‌లో ఉండగా, బండి ప్లగ్గు ఒకదాని టోపీ లాగి ఈ విడి ప్లగ్గుకి తొడగండి. వైరు పట్టుకుని లాగకండి, టోపీ పట్టుకుని లాగండి. ప్లగ్గును ఇనుము మీద కదలకుండా ఆనించి, చేతులు తీసేసి వెనక్కి జరగండి.

సాయంత్రం మసకవేళ అయితే బాగా కనిపిస్తుంది. లోపలివాళ్లు మూడు సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. ప్లగ్గు కొన దగ్గర చూడండి.

నీలంగా, తెల్లగా, "టక్ టక్" మని గట్టిగా రవ్వలు పడితే రవ్వ బాగానే ఉంది. మిగతా రెండు వైర్లూ అలాగే చూసి, బండిలోని ప్లగ్గులు మసిబట్టాయేమో, తడిశాయేమో విప్పించి చూపించండి. ఎర్రగా, పసుపుగా, నీరసంగా పడితే కండెన్సర్, పాయింట్లు, కాయిల్ లేదా బ్యాటరీ బలహీనం. ఏమీ పడకపోతే... దొరికింది దొంగ! ప్లగ్గుకి కరెంటు రావడం లేదు.

ఇక్కడితో మీ పని అయిపోయింది. ఇప్పుడు మెకానిక్‌ను పిలవండి. పిలిచి, "బండి స్టార్టు కావట్లేదు, చూడు బాబూ" అనకండి. ఇలా అనండి:

"సెల్ఫ్ మామూలుగా తిరుగుతోంది. పెట్రోలు వస్తోంది. రోటర్ తిరుగుతోంది. ప్లగ్గులో కరెంటు లేదు. కాయిల్ నుంచి వస్తోందో లేదో నా ముందు చూడు. తీసేసిన పాతసామాను నాకివ్వు."

ఈ ఆరు ముక్కలూ కంఠతా పట్టండి. ఇవి విన్న మెకానిక్ బోరు మాట ఎత్తడు.

అతను ఏం చేయాలో మీకు తెలియాలి

మంచి మెకానిక్ ముందు కాయిల్ మధ్య వైరు దగ్గర రవ్వ చూస్తాడు. అక్కడ ఉండి ప్లగ్గుల దగ్గర లేకపోతే జబ్బు ఆ రెంటి మధ్యనే. అంటే మూత, రోటర్ లేదా ప్లగ్ వైర్లు. ఇంకెక్కడా వెతకక్కర్లేదు.

కాయిల్ దగ్గరే లేకపోతే, 12 వోల్టుల టెస్టు ల్యాంపు పెడతాడు. కీ ఆన్ చేసి కాయిల్ ప్లస్ వైపు పెడితే వెలగాలి. వెలగకపోతే కీ స్విచ్చి నుంచి కాయిల్ దాకా వచ్చే వైరులో లోపం. వెలిగితే, మైనస్ వైపు పెట్టి సెల్ఫ్ కొట్టినప్పుడు దీపం మిణుకుమిణుకు మనాలి. అలా మిణకకపోతే పాయింట్లో, ఇగ్నైటరో పనిచేయడం లేదు. మిణికినా రవ్వ లేకపోతే అప్పుడు కాయిల్, కండెన్సర్ మీదికి వెళ్లాలి.

పాయింట్లున్న బండి నెలల తరబడి కదలకుండా ఉంటే, వాటి మొహాల మీద చిలుములా పొర పడుతుంది. సన్నటి గరుకు కాగితంతో రుద్ది, ఎడం సరిచేస్తే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. ఆ ఎడం అర మిల్లీమీటరుకి కాస్త తక్కువ. కంటితో చూసి పెట్టేది కాదు, రేకు గేజి పెట్టి చూడాలి. గేజి లేకుండా అంచనాగా పెట్టేవాడి చేతికి బండి ఇవ్వకండి.

అంతేకాని "కాయిల్ మారుద్దాం, కాకపోతే ప్లగ్గులు, అదీ కాకపోతే డిస్ట్రిబ్యూటర్ మొత్తం" అంటూ ఒకదాని తర్వాత ఒకటి కొనిపిస్తుంటే ఆపేయండి. అది రిపేరు కాదు, మీ డబ్బుతో చీట్లాట!

అలాగని మెకానిక్‌లందర్నీ అనుమానించకండి. నిజాయితీగా బతికేవాళ్లు బోలెడుమంది. మనం జబ్బు సరిగా చెప్పగలిగితే వాళ్లకూ పని తేలిక.

తెనాలి సోదరి కారు

ఉత్తరంలో ఫోను నంబరు ఉంటే నేనే మాట్లాడాను. ఇదంతా ఫోనులోనే చెప్పాను. ఇంటరు చదివే కూతురు కీ దగ్గర కూర్చుంది, ఆవిడ బానెట్ దగ్గర నిలబడ్డారు. రోటర్ తిరిగింది. ప్లగ్గులో రవ్వ లేదు. మూత లోపల మధ్యనున్న కార్బన్ ముక్క సగం విరిగి, పక్కన నల్ల చార కూడా ఉంది. ఈసారి వేరే మెకానిక్‌ను పిలిచి, పైన చెప్పిన ఆరు ముక్కలూ అప్పజెప్పారట. అతను కాయిల్ నుంచి రవ్వ చూపించి, కొత్త మూత, రోటర్ తెచ్చి వేశాడు. రెండోసారి సెల్ఫ్‌కి బండి అందుకుంది. ఇంజను చప్పుడు విని, "దీనికి బోరేమిటమ్మా, ఇంకా చాలా ఏళ్లు తిరుగుతుంది" అన్నాడట.

ఆ మంగళవారం మాత్రం పక్కింటివాళ్ల బండిలో వెళ్లారు. శుక్రవారం తన కారులోనే తీసుకెళ్లారు.

ఇంకో సంగతి కూడా అడిగాను. బండి కాగితాలు ఎవరి పేర ఉన్నాయని. ఇంకా ఆయన పేరే! ఇలా చాలా ఇళ్లలో జరుగుతుంది. బండి యజమాని పోతే 30 రోజుల్లో రవాణా ఆఫీసులో తెలియజేసి, 3 నెలల్లోగా ఫారం 31తో వారసుల పేరుకి మార్చుకోవాలి. ఆలస్యమైనా సరే, వెళ్లి మార్పించుకోండి. ఇన్సూరెన్సు కూడా మీ పేరుకి మారాలి, లేకపోతే రేపు ఏదైనా జరిగినప్పుడు ఇబ్బంది. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఉంటుంది. ఆ తేదీ కూడా క్యాలెండర్ మీద రాసుకోండి.

ఇది ఆడవాళ్ల పనేనా?

అని అడిగేవాళ్లు మీ ఇంట్లోనే ఉంటారు. వాళ్లకి ఈ సంగతి చెప్పండి. జర్మనీలో కార్ల్ బెంజ్ మోటారుబండి తయారుచేస్తే, దాన్ని జనం నమ్మలేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మన్‌హైమ్ నుంచి ఫోర్‌జైమ్‌లోని పుట్టింటికి ఆ బండిలో వెళ్లింది. వంద కిలోమీటర్ల పైమాటే. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగుచేసింది. రవ్వ తెచ్చే వైరు ఒరుసుకుపోతే, మేజోడు జారకుండా కట్టుకునే పట్టీ తీసి దాన్ని చుట్టింది. మోటారుబండి మీద మొదటి దూరప్రయాణం చేసిందీ, దారిలో రవ్వ జబ్బు కుదిర్చిందీ ఒక ఇల్లాలే!

డిక్కీలో ఉంచుకోండి

విడి ప్లగ్గు ఒకటి, దాని పానా, నాలుగు ఫ్యూజులు, టెస్టు ల్యాంపు, మూరెడు వైరు, పొడి నూలుగుడ్డ, టార్చిలైటు. డబ్బులు వీలైతే రోటర్, డిస్ట్రిబ్యూటర్ మూత ఒక్కోటి. అన్నీ కలిపి పాత బిస్కెట్ డబ్బాలో పడతాయి.

బండి వాడినా వాడకపోయినా వారానికోసారి తీసి పావుగంట, ఇరవై నిమిషాలు నడపండి. వాకిట్లో ఊరికే స్టార్టు చేసి ఆపేస్తే లాభం లేదు, సెల్ఫ్ తాగిన కరెంటు బ్యాటరీకి తిరిగి చేరదు. కారు కడిగేటప్పుడు బానెట్ లోపలికి గొట్టంతో నీళ్లు కొట్టకండి. చెమ్మగా ఉన్న రోజుల్లో గట్టి కవరు కప్పి గాలాడకుండా మూసేయకండి.

ఈ ఆదివారం, బండి బాగున్నప్పుడే, ఒకసారి బానెట్ ఎత్తి నాలుగు లావు వైర్లూ ఎక్కడ మొదలై ఎక్కడ దిగుతున్నాయో వేలు పెట్టి చూపిస్తూ మీ పిల్లలకు చెప్పండి. ఇంజను చల్లగా ఉండాలి, కీ మీ చేతిలో ఉండాలి. జబ్బు చేసిన రోజున కొత్తగా నేర్చుకోవడం కష్టం కదా!

వచ్చేవారం: ఫ్రిజ్ తలుపు రబ్బరు వదులైతే కరెంటు బిల్లు ఎందుకు పెరుగుతుంది?